వేళకాని సైరన్

ఆదివారం మధ్యాహ్నం గోదావరిఖనిలో, ఎనిమిదో ఇంక్లైన్ బొగ్గుగని కాలనీలో ఆగయ్య క్వార్టరు ముందు వేసిన పందిట్లోకి అడుగు పెట్టేటప్పటికి జహీరా చేతిలో ఉన్నవి మూడే. తన పేరు మీద పడ్డ ఒక తప్పు. ఏం జరిగినా పక్కన నిలబడతాడనుకున్న భర్త అస్గర్. ఆగయ్య కొడుకు సదయ్య నోటి నుంచి ఒక్క ముక్క రాబట్టుకోవచ్చన్న ఆశ. బేరానికి దిగేముందు చేతిలో ఏముందో చూసుకోవాలన్నది ఆమె తండ్రి గులాం అలీ పెట్టిన అలవాటు. లక్ష్మీనగర్‌లో గని బూట్లు, టిఫిన్ డబ్బాలు అమ్మే ఆయన కొట్టులో గల్లా పక్కన కూర్చునే ఆమె లెక్కల టీచరయింది.

ఆ తప్పు ఎలా పడిందో తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు.

రెండు నెలల కిందటి దాకా జహీరా జాంబియా దేశంలో, చిలోంబె అనే రాగి గనుల పట్నంలో పాఠాలు చెప్పింది. అస్గర్ అక్కడే, గనిలోకి దిగే నిలువు బావి, షాఫ్టు, తవ్వే ఒక కాంట్రాక్టు కంపెనీలో మెకానిక్. డిసెంబరులో అక్కడ మొక్కజొన్న పిండి ధర ఒక్కసారిగా రెట్టింపయింది. ఆ పిండి లేనిదే అక్కడి వాళ్ళకు పూట గడవదు. జనం రోడ్ల మీదికొచ్చారు. దుకాణాలు పగిలాయి. సిపాయిలు దిగారు, కర్ఫ్యూ పెట్టారు. పగటిపూట కొన్ని గంటలు సడలించి, సాయంత్రం ఐదింటికి గని సైరన్ మోగించేవారు. ఆ తర్వాత గడప దాటితే దాటినవాడి ఖర్మ.

ఆ సడలింపు గంటల్లోనే జహీరా గని కార్మికుల భార్యలకు క్లాసు నడిపింది. పరీక్ష దగ్గర పడింది కనుక ఒక్కరు కూడా మానలేదు. చంటిపిల్లలను వీపులకు కట్టుకుని, బలపాలు పట్టుకుని వచ్చేవారు. వాళ్ళలో ఎస్తేర్ బ్వాల్య అందరికన్నా చురుకు, అందరికన్నా అల్లరి. "టీచర్, ఈ ఎక్స్ ఇటు నుంచి అటు పోగానే గుర్తు మార్చుకుంటుందేం? అత్తగారింటికి పోయిందా?" అని అడిగి క్లాసంతా నవ్వించేది. పరీక్ష గట్టెక్కితే ఆస్పత్రిలో నర్సు శిక్షణకు పోవచ్చని ఆమె ఆశ. ఆమె భర్త మోసెస్‌ది ఆ కాంట్రాక్టు కంపెనీ షాఫ్టులోనే పని.

ఒకరోజు ఐదు కాకముందే, మూడింటి వేళకే, సైరన్ మోగింది. ఆగకుండా, ఒకటే మోత. "కర్ఫ్యూ ముందుకు జరిపారు, తలుపులు వేయండి" అన్నారు ఆడవాళ్ళు. జహీరా ఒప్పుకోలేదు. గోదావరిఖనిలో పుట్టిన పిల్లకు ఆ మోత ఏమిటో ఒకరు చెప్పాల్సిన పని లేదు. వేళకాని వేళ సైరన్ మోగితే ఆమె తండ్రి కొనడానికి వచ్చినవాడి కాలికి ఒక్క బూటు తొడిగి, రెండోది చేతిలో అలాగే పట్టుకుని గని దగ్గరికి పరిగెత్తిన రోజులున్నాయి. పొయ్యి మీద అన్నం పొయ్యి మీదే మాడేది. "ఇది కర్ఫ్యూ కాదు, గనిలో ప్రమాదం" అని జహీరా గేటు తీసింది. ముందు తను పరిగెత్తింది. రెండు అంగల్లో ఎస్తేర్ ఆమెను దాటిపోయింది.

చౌరస్తాలో సిపాయిలు ఎస్తేర్‌ను పట్టుకున్నారు. గని స్టోరు దోచుకోవడానికి ఆడవాళ్ళ గుంపును నడిపించిందని కేసు రాశారు. జహీరా పరాయి దేశస్థురాలు కనుక తిట్టి వదిలేశారు. ఆ సాయంత్రం ఆమె ఒంటరిగా గోడ పట్టుకుని కూర్చుని ఏడ్చింది. అస్గర్ ఇంట్లో లేడు. ఎక్కడో బండి చెడిందని కంపెనీ జీపు కర్ఫ్యూ పాసుతో వచ్చి అతన్ని తీసుకుపోయింది. మర్నాడు కంపెనీ రెండు మాటలు చెప్పింది. మోగింది కర్ఫ్యూ సైరనేనట, ఆ రోజుకు ముందుగా మోగించారట. ఇక మోసెస్, భార్య పట్టుబడిందని తెలిసి భయంతో సరిహద్దు దాటి పారిపోయాడట. వారం తిరక్కుండా జహీరాను ఉద్యోగంలోంచి తీసేశారు. ఇద్దరూ ఇంటికొచ్చి పడ్డారు.

ఇదీ ఆమె పేరు మీది తప్పు. తన చెవులు మోసం చేశాయి, తన మాట నమ్మి ఒక ఆడమనిషి జైలు పాలయింది.

మొన్న పోస్టాఫీసులో ట్రంకు కాల్ కలిపించుకుని ఎస్తేర్ వకీలుతో మాట్లాడింది. ఆయన ఒకటే చెప్పాడు. వచ్చే నెల విచారణ. ఆ రోజు సైరన్ మోగించిన మనిషే "అది ప్రమాదపు సైరన్‌లాగే మోగింది, విన్నవాళ్ళు పొరబడటంలో తప్పు లేదు" అని చెబితే చాలు, ఎస్తేర్ బయటికొస్తుంది. మోగించిన మనిషి ఇంకెవరో కాదు, షాఫ్టు నోటి దగ్గర డ్యూటీ చేసిన ఈ కాలనీ పిల్లాడు, సదయ్య. సెలవు మీద వచ్చి వారమయింది. ఈసారి భార్య అనసూర్యను కూడా వెంట తీసుకుపోతున్నాడని ఈ దావత్.

*

పందిట్లో రెండు వరుసల విస్తళ్ళు నిండుగా ఉన్నాయి. అరుగు మీద సదయ్య తెచ్చిన కొత్త టేప్‌రికార్డరు పాడుతోంది. సదయ్య తానే కూర బకెట్టు పట్టుకుని వడ్డిస్తున్నాడు. ఒళ్ళు చేశాడు. చేతికి గడియారం మెరుస్తోంది.

"రా చెల్లె, రా. అస్గర్ అన్నా, మీరు ఈ దిక్కు కూసోన్రి" అంటూ అనసూర్య ఎదురొచ్చింది. "మేకను ముల్లాతోనే కోపిచ్చినం. మీరు ఫికర్ లేకుంట తినుండ్రి."

"తినడానికి రాలే వదినా. సదయ్యన్నతోని ఒక్క మాటున్నది."

ఆ మాట విని వడ్డించే సదయ్య చేయి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది. "తిన్నంక మాట్లాడుకుందాం చెల్లె. ముందు కూసో."

"నిలవడే అడుగుత. నిలవడే చెప్పు. ఎస్తేర్ కేసు వచ్చే నెలనే. మోగిచ్చినోడివి నువ్వు. అది ప్రమాదం సైరన్ లెక్కనే మోగిందని నోటరీ ముంగట ఒక్క ముక్క చెప్తే ఆ ఆడిపిల్ల ఇంటికొస్తది. నిన్ను పైస అడుగుతలే, పని అడుగుతలే. ఒక్క ముక్క."

"జహీరా, ధీరే, మెల్లగా" అన్నాడు వెనక నుంచి అస్గర్. అతను పందిట్లోకి పూర్తిగా రానేలేదు. గుంజ దగ్గర చెప్పులు విడిచి అక్కడే నిలబడ్డాడు. పొద్దుటి నుంచి పోవద్దని నచ్చచెప్పి, వినకపోయేసరికి వెంట వచ్చాడు.

సదయ్య నవ్వు తెచ్చిపెట్టుకున్నాడు. "అగో, మల్ల అదే ముచ్చట. అది కర్ఫ్యూ సైరన్ చెల్లె. రెండు గంటల ముందు మోగిచ్చుమన్నరు, మోగిచ్చిన. నువ్వు గబరాయించి గేటు తీసినవ్. నీకు అక్కడి పద్ధతి తెల్వకపాయె. దానికి నేనేం చేస్త?"

వరుసలో కూర్చున్న నర్సింగం నోట్లోని ఎముక పక్కకు తీశాడు. సదయ్య బావమరిది అతను, బొగ్గు నింపే పని. "ఓ టీచరమ్మా, నీ చెవులు ఒక్కపారి మాతోని పని చేపిచ్చే ఓవర్‌మెన్‌కు అరువియ్యరాదు? నీకు మోగనియి గూడ వినవడుతయ్. వానికి మోగినా వినవడది."

పందిరంతా నవ్వింది. జహీరా ముఖం ఎర్రబడింది. ఈ నవ్వు ఆమెకు కొత్త కాదు. అక్కడ హెడ్‌మాస్టరు ఇలాగే నవ్వాడు, "మీ ఊళ్ళో సైరన్‌కు పరిగెత్తుతారేమో, మా ఊళ్ళో కూర్చుంటాం" అని. అక్కడి మనవాళ్ళు నలుగురూ కలిసి, నీ వల్ల మాకందరికీ చెడ్డపేరని ముఖం తిప్పుకున్నారు. ఇక్కడ తండ్రి కొట్టుకు బూట్లు కొనడానికి వచ్చినవాడు కూడా కాలు ముందుకు చాపుతూ, "నీ బిడ్డ ఆఫ్రికాల ఏదో కిరికిరి చేసిందట గదా సేటూ" అంటున్నాడు. రెండు నెలలుగా ఆమె అన్నీ మింగింది, తప్పు తనదేనని నమ్మింది కనుక. కానీ ఇవాళ నవ్వినవాళ్ళందరూ గని మనుషులు. సైరన్ అంటే ఏమిటో తెలిసినవాళ్ళు. అది ఆమెకు భరించరానిదయింది.

"నవ్వుండ్రి అన్నా, మంచిగ నవ్వుండ్రి" అంది. "మీ ఇండ్లల్ల ఆడోళ్ళు వేళకాని సైరన్ ఇని చెప్పులు లేకుంట ఉరికినప్పుడు గూడ గిట్లనే నవ్విన్రా? పోయినేడు పదో ఇంక్లైన్ల కప్పు కూలిందని మోగితే మీ పెద్దక్కనే ఉరికింది గదా నర్సింగమన్నా, కడుపుతోని. ఆమెను ఎవరన్న చౌరస్తల పట్టుకుని, స్టోరు దోసుకోను పోతున్నవని జైల్ల ఏస్తే? అప్పుడు మా ఓవర్‌మెన్ చెవులని పరాష్కాలాడుదువా?"

నర్సింగం తల దించుకుని అన్నం కలుపుకున్నాడు.

"ఎస్తేర్ పాలు తాగే పోరన్ని ఇంట్ల ముసలామె చేతుల పెట్టి జైల్ల కూసున్నది. మొగడు విడిచిపెట్టి పోయిండని ఆమెకు చెప్పిన్రు. మొగడు దొంగ లెక్క పారిపోయిండు, టీచరు పిచ్చిది, ఎస్తేర్ స్టోరు దోసుకునే లంగది. ముగ్గురికి మూడు పేర్లు పెట్టి కంపెనోళ్ళు చేతులు దులుపుకున్నరు. నువ్వు ఇక్కడ కూర వడ్డిస్తున్నవ్. అడిగింది ఒక్క ముక్క. అది గూడ నీకు బరువాయెనా?"

"బరువే!" సదయ్య గొంతు లేచింది. "నేను మల్ల అక్కడికే పోవాలె. అదే కంపెనీల. నీ వకీలుకు ముక్క చెప్పి నా బువ్వల మన్ను పోసుకుంటనా? నీ తప్పు కడుగుతందుకు నా చెయ్యే దొరికిందా నీకు?"

"బస్ జహీరా, ఇక చాలు. ఘర్ చలో" అన్నాడు అస్గర్. "ఆయన చెప్పనంటున్నాడు గదా."

సరిగ్గా అప్పుడు సైరన్ మోగింది.

రెండో షిఫ్టు సైరన్. రోజూ మోగేదే. పందిట్లో ఒక్కరు విస్తరి మీంచి చేయి ఎత్తలేదు. ఎవరో "అరె, పెరుగు తేరా" అన్నారు. నర్సింగం కొంచెం ధైర్యం తెచ్చుకుని, "రెండో షిఫ్టోళ్ళు లేవుండ్రి, అత్తగారు పిలుస్తున్నది" అన్నాడు. అరుగు కింద పడుకున్న కుక్క చెవి విదిలించి మళ్ళీ కళ్ళు మూసుకుంది.

సదయ్య చేతిలోంచి కూర బకెట్టు జారిపోయింది. పులుసంతా నేల మీద పారింది. అతనికది తెలియలేదు. గని వైపు తిరిగి నిటారుగా నిలబడ్డాడు. కుడి చేయి తల మీదికి లేచి, పిడికిలి బిగిసి, కనబడని పిడినేదో కిందికి లాగి పట్టుకున్నట్టు ఆగిపోయింది. సైరన్ ఆగినా ఆ చేయి దిగలేదు.

అందరూ నేల మీది పులుసును చూశారు. అస్గర్ ఒక్కడే సదయ్య ముఖం చూశాడు.

రెండో వరుస చివర కూర్చున్న ఆగయ్య మాత్రం కొడుకు చేతిని చూశాడు. ఇన్నేళ్ళు గనిలో దిగి, పోయినేడే పని దిగిపోయిన మనిషి. నుదుటి మీద బొగ్గు దూరిన పాత గాట్లు నీలంగా ఉంటాయి.

"బిడ్డా" అన్నాడు. "వేళ సైరన్‌కు ఎందుకు ఉలికి పడ్డవ్?"

సదయ్య చేయి దించుకున్నాడు. "ఊకెనే బాపు. బకీటు జారింది."

"బకీటు జారినోడు బకీటు దిక్కు చూస్తడు. నువ్వు గని దిక్కు చూసినవ్." ఆగయ్య గొంతు మెల్లగానే ఉంది. "ఇంతమంది కూసున్నరు, ఒక్కడు కదల్లే. ఆ కుక్క గూడ లేవలే. నువ్వు లేచినవ్. నేను గిట్ల ఎప్పుడు లేచిన్నో ఎరుకేనా? మన లైన్ల కొమురెల్లి గనిల చిక్కితే పైకి తెచ్చిన ఏడు. ఆ సైరన్ కొట్టింది నేను గాదు, ఇన్నోన్ని. అయినా ఏడాది దాక ఏ షిఫ్టు సైరన్ మోగినా నాకు ముద్ద దిగలే. మీ అవ్వనడుగు. కర్ఫ్యూకు కొట్టినోని చెయ్యి గట్ల బిగుసుకోదు బిడ్డా. ఇప్పుడు చెప్పు. అది ఏం సైరన్?"

"చెప్పిన గదా బాపు..."

"టీచరుకు చెప్పినవ్. నాకు చెప్పు."

టేప్‌రికార్డరు ఇంకా పాడుతూనే ఉంది. అనసూర్య పోయి దాన్ని ఆపేసింది. ఆపిన చప్పుడు పందిరంతా వినిపించింది.

సదయ్య అక్కడే, పులుసులోనే గొంతుక్కూర్చున్నాడు.

"బురద వచ్చింది బాపు" అన్నాడు. "కింద పక్క సొరంగం కొడుతున్నరు. నీళ్ళ తోని, మన్ను తోని ఒక్కపారే వచ్చి నోరు మూసుకపోయింది. నలుగురు అటు దిక్కు చిక్కిన్రు. నాకు గంట కొట్టి చెప్పిన్రు. నేను సైరన్ పట్టిన. మన దగ్గర పట్టినట్టే పట్టిన, విడువలే. మేనేజరు ఉరికొచ్చి నా చెయ్యి గుంజేసిండు. కర్ఫ్యూ దినాలల్ల కిందికి మనుషులను దింపొద్దని సర్కారు ఆర్డరున్నదట. ఈయన గడువు లోపట పని అయిపోవాలెనని దొంగతనంగ దింపిండు. బయట వడితే ఆయన జైలుకు పోతడు. 'ఇది కర్ఫ్యూ సైరన్. రెండు గంటల ముందు కొట్టినవ్. గంతే. వేరే మాట వచ్చిందా, పుకారు లేపినవని సిపాయిలకు అప్పజెప్త' అన్నడు."

జహీరా ఒక్క పేరే అడిగింది.

"మోసెస్?"

"మోసెస్ ఎటూ పారిపోలే చెల్లె."

ఆమె పందిరి తాడు పట్టుకుంది. రెండు నెలలు. తన చెవులను తనే తిట్టుకున్న రెండు నెలలు. తెల్లవార్లూ కూర్చుని, ఆ మోత ఆగి మోగిందా, ఆగకుండా మోగిందా అని గుర్తు చేసుకుని, చివరికి తన తలకాయనే నమ్మడం మానేసిన రెండు నెలలు. చెవులు సరిగ్గానే విన్నాయి. కాళ్ళు సరైన దారినే పరిగెత్తాయి. ఎస్తేర్ భర్త కోసమే ఉరికింది, ఉరకాల్సిన వేళే ఉరికింది. నిజం విన్నవాళ్ళిద్దరినీ పట్టుకుని ఒకరిని దొంగను, ఒకరిని పిచ్చిదాన్ని చేశారు. చచ్చినవాడిని పిరికివాడిని చేశారు. అది చాలదన్నట్టు ఈ పందిట్లో పాట పెట్టుకుని మేకను కోసుకున్నారు.

"నా తప్పు కడుగుతందుకు నీ చెయ్యి దొరికిందా అన్నవు గదా అన్నా" అంది. "నా దగ్గర తప్పే లేదు. నీ తప్పును నా నెత్తిన పెట్టి, నన్ను చూసి నవ్వుతున్నవ్. నేను దాన్ని నాదనుకుని ఇంత దూరం మోసుకొచ్చిన."

ఆగయ్య ముందున్న విస్తరిలో సగం అన్నం అలాగే ఉంది. ఆయన దాన్ని మెల్లగా మడిచి లేచాడు. ఆ క్వార్టర్ల వరుసలో అది చాలా పాత కట్టుబాటు. గనిలో మనిషి చిక్కుకుపోతే, వాడు బతికో చచ్చో పైకొచ్చేదాకా వాడి వరుసలో ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగదు. పసిపిల్లలకు పక్క లైను వాళ్ళు గంజి తెచ్చి పోస్తారు. కొమురెల్లి లోపలున్నప్పుడు ఈ వరుసంతా రెండు రోజులు అలాగే గడిపింది.

"లోపట మనుషులున్నరు" అన్నాడు ఆగయ్య. "వాళ్ళను అక్కడ విడిచి వచ్చినోని దావత్‌ల మనం కూసున్నం. లేవుండ్రి."

పందిరి వెనక మూడు రాళ్ళ పొయ్యి మీద ఇంకో గుండిగ ఉడుకుతోంది. ఆగయ్య చెంబుడు నీళ్ళు ముంచి పొయ్యిలో పోశాడు. బుస్సుమని ఆవిరి లేచి పందిట్లోకి కమ్ముకుంది. అందరికన్నా ముందు నర్సింగం విస్తరి మడిచాడు. తర్వాత ఒక్కొక్కరే లేచారు. జహీరా పక్క నుంచి పోతూ నర్సింగం ఆగి, చేతులు జోడించి పోయాడు.

ఇక మిగిలింది బేరం. కోపం వచ్చిందని బేరం మధ్యలో వదిలి పోయే ఇంట్లో పుట్టలేదు జహీరా. కళ్ళు తుడుచుకుని సదయ్య ముందు కూర్చుంది.

"రేపు పొద్దుగాల పెద్దపల్లికి పోదాం. నోటరీ ముంగట ఇప్పుడు చెప్పిందంతా చెప్పాలె. ఒక్క ముక్క గాదు, మొత్తం. నలుగురి పేర్లు, మేనేజరు మాట, అన్నీ."

"చెప్తే నేను మల్ల పోలేను చెల్లె."

ఆ మాటకు జవాబు అనసూర్య దగ్గర నుంచి వచ్చింది. పెట్టె కూడా సర్దుకున్న మనిషి. వారం నుంచి కాలనీ అంతా తిరిగి, పోయివస్తానని చెప్పుకున్న మనిషి.

"పోవద్దు" అంది. "మనుషులను లోపట పెట్టి మూసిన కాడికి నన్ను తీస్కపోయి కాపురం పెడ్తవా? దాని మీదనే నడుస్తనా నేను? రేపు బస్సుకు నేను గూడ వస్త. నువ్వు చెప్పకపోతే నేను చెప్త."

సదయ్య తన భార్య కాళ్ళ వంక చూశాడు. తలూపాడు.

జహీరాకు ఊపిరి తిరిగింది. వచ్చిన పని అయింది, అడిగినదానికన్నా ఎక్కువే అయింది. లేవబోయింది.

ఆగయ్య మాత్రం ఖాళీ చెంబు పట్టుకుని కొడుకు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. లోపల చిక్కుకున్నవాళ్ళ సంగతి వినగానే గని మనిషి మనసులో మొదట లేచే ప్రశ్న ఒకటుంటుంది. అందరూ పోయేదాకా దాన్ని అదిమిపెట్టుకున్నట్టున్నాడు.

"పైపు మోగిందా?"

సదయ్య ఒళ్ళు ముడుచుకుపోయింది.

"గాలి పైపు ఉంటది గదా లోపటికి. చిక్కినోళ్ళు రాయితోని దాన్ని కొడుతరు. మోగిందా బిడ్డా?"

"మోగింది."

జహీరా మళ్ళీ కూర్చుండిపోయింది.

"మోగింది బాపు. వాళ్ళకు గాలి అందుతనే ఉండె. నేను చెవి పెట్టి ఇన్న. నేను గూడ రాయితోని కొట్టిన, ఉన్నం, ఉన్నం అని. వాళ్ళు మల్ల కొట్టిన్రు. పెద్ద గని నుంచి మనుషులను పిలువుమని మేనేజరు కాళ్ళు పట్టుకున్న. పిలిస్తే ముచ్చట బయట వడుతదన్నడు. చీకటయ్యేదాక మోగుతనే ఉండె. పైపుల గాలి కొట్టే కంప్రెషర్ ఆగేదాక."

"కంప్రెషర్ ఎందుకాగింది? చెడిందా?"

"చెడలే. మంచిగ నడుస్తుండె. కర్ఫ్యూల ఊరంత సప్పుడు లేదు, దాని సప్పుడు ఇంటె లోపట పని నడుస్తున్నదని సిపాయిలకు తెలుస్తదని మేనేజరు ఆపిచ్చిండు. అది ఆగినంక... పైపు మెల్లమెల్లగ..." సదయ్య రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.

ఆగయ్య చెంబు కింద పెట్టాడు. "ఎవడు ఆపిండు? పెద్ద మిషను అది. నీకు దాన్ని ముట్టుడే రాదు. మేనేజరుకు గూడ రాదు. ఆపినోడు ఎవడు?"

"నేను గాదు బాపు. నీ మీదొట్టు. నేను పైపు కాడనే ఉన్న." సదయ్య ఎటూ చూడకుండా నేలనే చూస్తూ అన్నాడు. "మెకానిక్‌ను పిలిపిచ్చిన్రు. ఇంటికి జీపు పంపి."

జీపు.

గోడ పట్టుకుని కూర్చున్న ఆ సాయంత్రం జహీరాకు గుర్తొచ్చింది. వాకిట్లో హారన్. అద్దానికి అంటించిన కర్ఫ్యూ పాసు. పనిముట్ల సంచి భుజాన వేసుకుని, ఆమె ముఖం చూడకుండా, "ఏదో బండి చెడిందట, అభీ ఆతా, ఇప్పుడే వస్తా" అని బయటికి నడిచిన మనిషి. తెల్లవారి తిరిగొచ్చి, చేతులు సబ్బుతో ఎంతసేపు కడుక్కున్నాడో. ఆ తర్వాత రెండు నెలలు, ఎస్తేర్ పేరు ఎత్తిన ప్రతిసారీ, బస్, బస్, బస్. వేళ సైరన్ మోగినప్పుడు పందిరంతా పులుసు దిక్కు చూస్తే, ఆ ఒక్క మనిషి సదయ్య ముఖం దిక్కు చూశాడు. అది ఆమె చూసింది. చూసి వదిలేసింది.

ఆమె వెనక్కి తిరగడానికి తొందర పడలేదు. తండ్రి కొట్టు మూసేటప్పుడు చేసినట్టు, ముందు చేతిలో ఏం మిగిలిందో చూసుకుంది. మూడు పట్టుకుని వచ్చింది. సదయ్య నోటి మాట దొరికింది, ఎస్తేర్ బయటికొస్తుంది. తన పేరు మీది తప్పు తనది కాదని తేలింది. రెండు లాభాలు, ఒక్క పూటలో.

అప్పుడు తిరిగి చూసింది. మూడోది పందిరి గుంజ దగ్గర ఒక కాలికి చెప్పు వేసుకుని, రెండో చెప్పు కోసం వెతుక్కుంటున్నాడు.